ఐడ్లింగ్‌లో ఇంజిన్ వణుకు

బండి ఆగి ఉండగా ఇంజిన్ అదరడం. పెట్రోల్ కార్లలో ఐడ్లింగ్ సాధారణంగా నిమిషానికి 700–900 చుట్లు. దోర్నాల నుంచి నల్లమల ఘాట్ ఎక్కి సున్నిపెంటలో ఆపిన కారు స్టీరింగ్ వణికితే నింద ఘాట్ మీద వేస్తారు. చాలాసార్లు కారణం సరిగా మండని సిలిండరే. దాన్ని కనిపెట్టడానికి ఇంజిన్ నడుస్తుండగా ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీసి మళ్లీ పెడతారు. ఏది తీసినప్పుడు శబ్దం మారదో ఆ సిలిండర్‌లోనే లోపం. దాని కాయిల్‌ను పక్కదానికి మార్చాక స్కానర్‌లో కోడ్ పి0301 (ఒకటో సిలిండర్) పోయి పి0302 (రెండో సిలిండర్) వస్తే కాయిల్ పోయినట్టు. కోడ్ మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్ చూడాలి. ఇవి చూడకుండా ప్లగ్గులన్నీ మార్చేయడం డబ్బు దండగ. థ్రాటిల్ బాడీలో మసి, ఇన్‌టేక్ గొట్టంలో గాలి లీకు కూడా కారణాలే. ఇంజిన్ సాఫీగా తిరుగుతున్నా బాడీ అదిరితే రబ్బరు మౌంటింగ్ చూడండి. ఘాట్ ఎక్కిన వేడిలో మాత్రం ప్లగ్గులు విప్పకండి. అల్యూమినియం హెడ్‌లో మరలు చెడతాయి.