విడిదింట్లో మూడేళ్ళు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దలు మూడో మాట ఒకటి మర్చిపోయారు. ఉన్న ఇంటిని బాగుచేయించి చూడు! కట్టేటప్పుడు లేనిదాని కోసం తాపత్రయం. బాగుచేయించేటప్పుడు ఉన్నదాన్ని వదిలి బయట నిలబడాలి. అదీ కష్టం.

మామగారు కట్టించిన ఇంటి దూలాలకు చెదలు పట్టాయని తెలిసి, సామానంతా మూటలు కట్టుకుని పక్క వీధిలో ఓ వాటాలోకి మారాం. "మూణ్ణెల్లేనమ్మగారూ, ఇట్టే అయిపోతుంది" అన్నాడు మేస్త్రి. ఇప్పటికి ఏడు నెలలు. ఆ మూణ్ణెల్ల మాట నమ్మి నేను సగం పెట్టెలు విప్పనే లేదు. గోడకి ఒక్క పటమైనా కొట్టలేదు. మా అమ్మాయి వీణ దుప్పటిలో చుట్టినది చుట్టినట్టే గది మూల ఉంది. పిల్ల అడిగినప్పుడల్లా "మనింటికి వెళ్ళాక వాయించుకుందువుగానిలే" అంటున్నాను. చుట్టాలు వస్తామన్నా అదే మాట, మావారు కొత్త కర్టెన్లు తెస్తానన్నా అదే మాట.

ఇలా విసిగి ఉన్న రోజుల్లోనే ఓ పెద్దమనిషి కథ గుర్తొచ్చింది. ఇల్లు బాగుచేయడానికని బయటికి వెళ్ళి మూడేళ్ళ పైచిలుకు తిరిగి రాలేకపోయిన మనిషి. ఆయన అమెరికా అధ్యక్షుడు ట్రూమన్. ఆ ఇల్లు వైట్ హౌస్.

అంత పెద్ద ఇంటికీ మన ఇళ్ళ రోగాలే పట్టాయంటే నమ్ముతారా? 1948 నాటికి నడుస్తుంటే నేల ఊగేది. పైన జనం తిరిగితే కింద దీపాల గుత్తులు గలగలలాడేవి. అధ్యక్షులవారి స్నానాల తొట్టి నేలలోకి దిగుతోందన్నారు. ఆఖరికి కూతురు మార్గరెట్ పియానో కాలు నేలని పొడుచుకుని కిందికి దిగబడింది! ఇంజనీర్లు వచ్చి చూసి, ఈ ఇల్లు కేవలం అలవాటు కొద్దీ నిలబడి ఉందన్నంత పని చేశారు.

అలా ఎందుకైందంటారా? తొందర రిపేర్ల వల్ల. 1814లో ఇంగ్లీషు సైన్యం ఆ ఇంటిని తగలబెడితే, మిగిలిన రాతిగోడల మీదే మళ్ళీ కట్టారు. 1902లో థియోడర్ రూజ్‌వెల్ట్ కొద్ది నెలల్లోనే పని ముగించమన్నాడు. భోజనశాల పెద్దది చేయడానికి బరువు మోసే గోడ తీసేశారు. 1927లో కూలిడ్జ్ హయాంలో పాత కొయ్య కప్పు తీసి, ఉక్కూ కాంక్రీటుతో మూడో అంతస్తు పెంచారు. మధ్యలో గ్యాసు గొట్టాలకని ఒకరు, కరెంటు తీగలకని ఒకరు దూలాలు తొలిచారు. మోసే గోడ తగ్గింది, మోయవలసిన బరువు పెరిగింది. పైకి మాత్రం తెల్ల రంగు నిగనిగలాడుతూనే ఉంది.

1948 నవంబరులో ఎన్నికలు గెలిచిన ట్రూమన్‌ని ఇంట్లోంచి పంపించేశారు. ఎదురు వీధిలోని బ్లెయిర్ హౌస్‌కి మారాడు. అది ప్రభుత్వం 1942లో అతిథుల కోసం కొన్న ఇల్లు. మన మాటల్లో చెప్పాలంటే విడిది. భార్య బెస్, కూతురు, అత్తగారు, అందరూ అక్కడికే. ఆఫీసు మాత్రం పాత చోటే. రోజూ పొద్దున్నే వీధి దాటి పనికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి విడిదికి తిరిగి వచ్చేవాడు.

ఇక ఇక్కడ ఏం చేయాలన్న చర్చ. మొత్తం కూలగొట్టి కొత్తది కట్టడం చవకని కొందరన్నారు. చివరికి బయటి గోడలు ఉంచి, లోపలంతా తీసేసి మళ్ళీ కట్టాలని నిర్ణయించారు. నేల తవ్వడానికి బుల్‌డోజరు లోపలికి వెళ్ళాలి. దాని కోసం గోడకి అంత పెద్ద కంత పెట్టడానికి ట్రూమన్ ఒప్పుకోలేదు. దాంతో ఆ యంత్రాన్ని ముక్కలుగా విప్పి లోపలికి మోసుకెళ్ళి మళ్ళీ బిగించారు! అప్పుడు తీసిన ఫోటోల్లో నాలుగు గోడల మధ్య ఇల్లు లేదు, ఇనప స్తంభాలూ మట్టీ తప్ప. పాత ఇటుకలూ మేకులూ చెక్కముక్కలూ కొద్ది సొమ్ముకి జ్ఞాపికలుగా అమ్మారు. పాత దూలం ముక్క పారేయలేక పెరట్లో దాచుకున్న నాకు ఆ కొనుక్కున్నవాళ్ళ మీద ప్రేమ పుట్టింది.

అయితే నన్ను ఆపి ఆలోచింపజేసింది ఈ కట్టుబడి కాదు. ఈలోగా విడిదింట్లో జరిగినవి. 1950 జూన్‌లో కొరియాలో యుద్ధం మొదలైతే, సలహాదార్లని పిలిచి మాట్లాడింది ఆ విడిదింట్లోనే. రాత్రి భోజనాలు ముగించి, ఆ బల్ల చుట్టూనే కూర్చుని చర్చించారు. అదే ఏడు నవంబరు 1న ఇద్దరు ప్యూర్టోరికో జాతీయవాదులు ఆయన్ని చంపాలని తుపాకులతో వచ్చారు. ట్రూమన్ మేడ మీద కునుకు తీస్తున్నాడు. భార్యా ఇంట్లోనే ఉంది. వాకిట్లో కాపలా ఉన్న లెస్లీ కాఫెల్ట్ అనే పోలీసు తూటాలు తగిలి కూడా హంతకుల్లో ఒకణ్ణి కాల్చి, తానూ చనిపోయాడు. ఇంట్లో వాళ్ళ ప్రాణాలు నిలిచాయి. అదే ఏడు ఇల్లు తయారై ఉంటే ఈ కథ ఎలా ఉండేదో.

వెనక్కి వెళ్ళి చూస్తే ఇది ఆయన ఒక్కడి సంగతి కాదు. ఇల్లు కాలిపోయి ఆక్టగన్ హౌస్‌లో తలదాచుకున్న మాడిసన్, ఇంగ్లండుతో యుద్ధం ముగించిన సంధిపత్రం మీద 1815లో సంతకం చేసింది ఆ ఇంట్లోనే. 1902లో కాలికి దెబ్బ తగిలి చక్రాల కుర్చీలో ఉన్న రూజ్‌వెల్ట్, బొగ్గు గనుల సమ్మె తేల్చడానికి యజమానుల్నీ కార్మిక నాయకుల్నీ కూర్చోబెట్టింది కూడా ఓ తాత్కాలిక ఇంట్లోనే. ఒంటరిగా అట్లాంటిక్ మీదుగా విమానం నడిపి వచ్చిన లిండ్‌బర్గ్‌కి కూలిడ్జ్ 1927లో ఆతిథ్యం ఇచ్చిందీ అలాంటి ఇంట్లోనే. "మనింటికి వెళ్ళాక చూద్దాం" అని వీళ్ళెవరూ అనలేదు. అనే వీలూ లేదు.

1952 మార్చి 27న ట్రూమన్ దంపతులు తిరిగి ఇంట్లో కాలు పెట్టారు. ఖర్చు 50 లక్షల డాలర్లు దాటింది. పాత ఇంటిలాగే ఉంది, కానీ కొయ్యకి బదులు ఉక్కు. మరి ఆ కొత్తింట్లో ఎన్నాళ్ళున్నారు? పది నెలలు. ఆ డిసెంబరులో బెస్ తల్లి ఆ ఇంట్లోనే కన్నుమూసింది. 1953 జనవరిలో పదవీకాలం ముగిసి, ఇల్లు ఐసెన్‌హోవర్‌కి అప్పగించి వెళ్ళారు. దుమ్మంతా వీళ్ళది, ఇల్లు తర్వాత వాళ్ళది. బాధపడవలసిందేమీ లేదు. మన మామగార్లు, తాతగార్లు కట్టినవీ అంతే కదా!

లెక్క వేసి చూశాను. ఎన్నిక గెలిచి సంపాదించుకున్న నాలుగేళ్ళలో ట్రూమన్ మూడేళ్ళకు పైగా విడిదింట్లోనే గడిపాడు. ఆ రోజుల్ని "తాత్కాలికం" అని పక్కన పెట్టి ఉంటే ఆయన పదవీకాలంలో మిగిలేదేమిటి? మాకూ ఈ ఏడు నెలల్లో పిల్ల ఓ తరగతి దాటింది, జడ మోకాలికి దిగింది. ఆ నెలల్ని ఏ మేస్త్రీ తిరిగి కట్టివ్వలేడు.

మొన్న సాయంత్రం దుప్పటి విప్పి వీణ తీశాను. తీగలు వదులైపోయి బావురుమంది. శ్రుతి చేసుకునేసరికి పొద్దుపోయింది. పక్క వాటా పిన్నిగారు చప్పుడు విని వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. "ఇన్నాళ్ళూ మీ ఇంట్లో వీణ ఉందని చెప్పలేదేం?" అన్నారు.

మేస్త్రి ఇంకో రెండు నెలలంటున్నాడు. అననివ్వండి. రేపు గోడకి మేకులు కొట్టిస్తున్నాను.