గది హోరెత్తిన రోజు

బరువైన లారీ, చిన్న కారు గుద్దుకున్నాయి. ఏది దేనిమీద ఎక్కువ బలం చూపిస్తుంది? హైస్కూల్లో చదివే మా అమ్మాయి ఆమధ్య ఈ ప్రశ్న అడిగితే ఠక్కున "లారీయే" అనేశాను. ఎంసెట్ రోజుల్లో న్యూటన్ మూడో సూత్రాన్ని నిద్రలో లేపినా అప్పజెప్పినవాణ్ణి! "రెండూ సమానం కదా నాన్నా" అని నవ్వింది.

ఈ పరాభవం నాకొక్కడికే కాదట. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో హలూన్, హెస్టెనీస్ అనే ఇద్దరు ఇలాంటి లెక్కల్లేని ప్రశ్నలతోనే విద్యార్థులకు పరీక్ష పెట్టి, 1985లో ఫలితాలు ప్రచురించారు. సెమిస్టరంతా పాఠాలు విన్నా, బలం గురించీ చలనం గురించీ పిల్లల పాత నమ్మకాలు పెద్దగా చెక్కుచెదరలేదు. ఎవరు చెప్పినా అంతే.

హార్వర్డులో ఎరిక్ మజూర్‌కి మంచి ఉపాధ్యాయుడని పేరు. 1990లో ఆయన ఆ వ్యాసం చదివి, మావాళ్లు అలా కాదులే అనుకుంటూనే పరీక్ష పెట్టారు. ఒక విద్యార్థిని, మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగింది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను వదలని ప్రశ్న అది.

ఫలితాలు చూసి ఆయన కంగు తిన్నారు. ఒక ప్రశ్నను రెండుసార్లు విడమరిచి చెప్పినా ముఖాల్లో అయోమయం పోలేదు. ఇక చేసేదిలేక, మీలో మీరే మాట్లాడుకోండన్నారు. గది హోరెత్తింది. కాసేపట్లో వాళ్లే తేల్చేశారు! ఇప్పుడే అర్థమైన కుర్రాడికి పక్కవాడి తికమక ఎక్కడుందో తెలుసు. ప్రొఫెసరుగారు తన తికమకను ఎప్పుడో మరిచిపోయారు. 1991 నుంచి ఆయన క్లాసు నడక అదే: ప్రశ్న, ఎవరి జవాబు వారిది, పక్కవాళ్లతో వాదన, మళ్లీ జవాబు.

ఇది నిజంగా పనిచేస్తుందా? ఇండియానా యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ హేక్ 62 కోర్సుల్లో 6,542 మంది ఫలితాలు పోల్చి 1998లో ప్రచురించారు. మొదట్లో తెలియనిదాంట్లో ఉపన్యాసాల తరగతులు సగటున 23 శాతం నేర్పితే, విద్యార్థుల చేత మాట్లాడించి, చేయించిన తరగతులు 48 శాతం నేర్పాయి.

సియాటిల్‌లో లిలియన్ మెక్‌డెర్మట్ బృందం దారి వేరు. ఉపన్యాసమే లేదు. ఒక బ్యాటరీ, ఒక బల్బు, ఒక తీగ చేతికిచ్చి వెలిగించమంటారు. (మా ఇంటర్ ల్యాబులో రీడింగులు ముందే రికార్డులో రాసుకుని, తర్వాత ప్రయోగం చేసేవాళ్లం. మీరూ అంతేనా?)

మొన్న ఆదివారం నేనూ ప్రయత్నించాను. కిర్కాఫ్ సూత్రాలతో పేజీలకు పేజీలు లెక్కలు చేసిన చేతులివి. మూడోసారికి వెలిగింది.