రంగస్థలానికి తిరిగివచ్చిన అనార్కలి

మన దేశంలో నాటకం సినిమా కావడం అతి సామాన్యమైన విషయం. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) లో నటించినవారిలో చాలామంది సురభి నాటక సమాజం వారే. ‘వరవిక్రయం’, ‘కన్యాశుల్కం’, ‘చింతామణి’ వంటి నాటకాలన్నీ ఆ దారినే తెరకెక్కాయి. మరి తెర నుంచి రంగస్థలానికి వచ్చే ఎదురు ప్రయాణం మాటేమిటి? అది అరుదు. ప్రజలు ప్రాణప్రదంగా చూసుకునే సినిమాను నాటకంగా వేయడమంటే మరీ సాహసం. ఎందుకంటే చూడవచ్చిన ప్రతివాడి మనసులోనూ అసలు ప్రతి ఒకటి భద్రంగా ఉంటుంది.

ఆ సాహసం 2016 అక్టోబరు 21న ముంబయిలో జరిగింది. ఎన్.సి.పి.ఏ. ప్రాంగణంలోని జంషెడ్ భాభా థియేటర్‌లో ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ ‘మొఘల్-ఎ-ఆజమ్’ను సంగీత నాటకంగా ప్రదర్శించాడు. అంతకు మునుపు ఆయన పేరు వినగానే గుర్తుకొచ్చేది ‘తుమ్హారీ అమృతా’ (1992). ఇద్దరు నటులు కూర్చుని ఉత్తరాలు చదవడం తప్ప అందులో మరే హంగూ లేదు. అటువంటి దర్శకుడు తెర మీది అద్దాల మహలును రంగం మీద నిలబెట్టడానికి పూనుకోవడమే ఒక వింత. కె. ఆసిఫ్ సినిమాకు పెట్టుబడి పెట్టింది షాపూర్జీ పల్లోంజీ. హక్కులు ఆ సంస్థ దగ్గరే ఉన్నాయి కనుక అనుమతి కోసం దర్శకుడు వారి వద్దకే వెళ్ళాడు. చివరికి నాటకానికి కూడా వారే నిర్మాతలయ్యారు.

అయితే ఈ కథ రంగస్థలానికి కొత్తగా రాలేదు, తిరిగివచ్చింది. అనార్కలిని మనకు పరిచయం చేసినదే ఒక నాటకం. లాహోరుకు చెందిన ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో, తన ఇరవై రెండో ఏట, ఉర్దూలో ‘అనార్కలి’ రాశాడు. చరిత్రలో ఈమెకు గట్టి ఆధారం లేదు. ‘అక్బర్‌నామా’లో లేదు, జహంగీరు తన ఆత్మకథలోనూ ఆమెను తలచుకోలేదు. లాహోరులో ఆమె పేరు మీద సమాధి ఉంది. 1611 ప్రాంతంలో అక్కడికి వచ్చిన ఆంగ్ల వర్తకుడు విలియం ఫించ్ రాసుకున్న మాటలున్నాయి. తక్కినదంతా లోకుల నోట పెరిగిన కథే. ఆ కథకు మనుషుల రూపమిచ్చింది తాజ్.

అక్కడినుంచి సినిమావాళ్ళు అందుకున్నారు. 1928లోనే రెండు మూకీలు వచ్చాయి. ఒకదానిలో తాజ్ స్వయంగా నటించాడు. రెండో దానిలో నాయిక సులోచన. ఆమే 1935 టాకీలోనూ అనార్కలి అయింది, 1953లో బీనా రాయ్ అనార్కలి అయినప్పుడు సలీము తల్లి వేషం వేసింది. (ఒకే కథలో ప్రియురాలి నుంచి రాజమాత దాకా నడిచిన నటి మరొకరు ఉంటే చెప్పండి!) 1955లో అంజలీ పిక్చర్స్ వారి తెలుగు ‘అనార్కలి’ వచ్చింది. అంజలీదేవి అనార్కలి, అక్కినేని సలీము, ఎస్.వి. రంగారావు అక్బరు, సంగీతం ఆదినారాయణరావు. వీరిలో అక్కినేనిని మినహాయిస్తే మిగిలిన ముగ్గురూ కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలలో చేయి తిరిగినవారు. రంగారావు అక్బరు పాత్రలో వినిపించే గాంభీర్యానికి మూలం ఆ గోదావరి జిల్లా రంగస్థలంలో ఉందని నా నమ్మకం.

ఆసిఫ్ కథ వేరు. 1940ల మధ్యలో చంద్రమోహన్ అక్బరుగా, నర్గీస్ అనార్కలిగా మొదలుపెట్టాడు. దేశవిభజనతో నిర్మాత పాకిస్తాను వెళ్ళిపోయాడు, 1949లో చంద్రమోహన్ మరణించాడు. అంతా మళ్ళీ మొదటికి వచ్చింది. పృథ్వీరాజ్ కపూర్, దిలీప్ కుమార్, మధుబాలలతో పూర్తయిన చిత్రం 1960 ఆగస్టు 5న విడుదలయింది.

ఆ 1960లోనే మరొకటి జరిగింది. పృథ్వీరాజ్ 1944 నుంచి ఊరూరా తిప్పిన పృథ్వీ థియేటర్స్ నాటక సమాజం మూతపడింది. అంటే ఒక గొప్ప రంగస్థల కంఠం తన నాటకశాలను పోగొట్టుకున్న ఏడాదిలోనే తెర మీద అక్బరై గర్జించింది. ఆ సినిమాను కాస్త శ్రద్ధగా వినండి, చూడడం కాదు, వినండి. తండ్రి మాట్లాడేది నాటకం, కొడుకు మాట్లాడేది సినిమా. పృథ్వీరాజ్ ప్రతి పదాన్నీ చివరి వరుసలో కూర్చున్న ప్రేక్షకుడి కోసం పలుకుతాడు. దిలీప్ కుమార్ మైకు తన పెదవుల దగ్గరే ఉందని తెలిసిన నటుడు. గొంతు దించి, మాటకూ మాటకూ నడుమ మౌనాన్ని వదిలి మాట్లాడతాడు. తండ్రీకొడుకుల వైరం ఆ రెండు నటనా పద్ధతుల వైరంగా కూడా వినిపించడం ఆ చిత్రంలోని రహస్య బలాలలో ఒకటి.

ఈ కారణంగానే నాటకీకరణలో అందరికన్నా కష్టమైన పాత్ర సలీముదని అనుకుంటాను. నాటకంలో అక్బరు వేసిన నిసార్ ఖాన్ ముందు పృథ్వీరాజ్ నీడ కొండంత ఉన్నా, ఆ పాత్ర రంగస్థలానికి పుట్టిందే. దానికి పెద్ద గొంతు, పెద్ద నడక కావాలి, రంగం రెండింటికీ చోటిస్తుంది. దిలీప్ కుమార్ గుసగుసను మాత్రం వెయ్యిమందికి పైగా పట్టే శాలలో ఏం చేస్తారు? సలీము గొంతు పెంచవలసిందే. పెంచగానే అతడు తండ్రికి ఎదురు నిలిచిన మరొక రాజు అవుతాడే తప్ప తనలో తాను దహించుకుపోయే ప్రేమికుడిగా మిగలడు. ఇది నటుడి లోపం కాదు, మాధ్యమం మారినందుకు కట్టిన సుంకం.

మరొక సుంకం మధుబాల ముఖం. తాన్‌సేన్ పాట వినవస్తూండగా సలీము ఈకతో అనార్కలి చెంపలు నిమిరే ఘట్టం తెలియనివారు అరుదు. (ఆ గొంతు బడే గులాం అలీఖాన్‌ది. పాటకు ఇరవై అయిదు వేలు అడిగితే ఆసిఫ్ కిమ్మనకుండా ఇచ్చాడని చెబుతారు.) ఆ ఘట్టంలో కథ లేదు, మాటల్లేవు. తెర నిండా ఒక ముఖం ఉంది, అంతే. రంగస్థలానికి సమీప దృశ్యం లేదు. ఎంత దీపకాంతి గుమ్మరించినా పదో వరుస వారికి అనార్కలి రెప్పపాటు కనబడదు.

మరి పోయినది ఇంత ఉంటే, వచ్చినది ఏమిటి?

పాట వచ్చింది. సినిమాలో మధుబాల పెదవులు కదిపింది, లతా మంగేష్కర్ పాడింది. శీష్‌మహల్ పాటలో అక్బరు కళ్ళల్లోకి చూస్తూ ఆ బానిసపిల్ల చేసే ధిక్కారం నిజానికి ఇద్దరు స్త్రీలు పంచుకున్నది. నాటకంలో అనార్కలి పాత్రను మార్చి మార్చి వేసిన నేహా సర్గమ్, ప్రియాంకా బర్వే ఇద్దరూ గాయనులు. రంగం మీద స్వయంగా పాడారు. చుట్టూ ముప్పై మంది దాకా కథక్ నర్తకులు, మయూరీ ఉపాధ్య నృత్య రచన, వెనుక జాన్ నరూన్ వెలుగుబొమ్మలు, మనీష్ మల్హోత్రా కుట్టించిన వందలాది దుస్తులు. ఇవన్నీ కంటికి. చెవికి మాత్రం ఒకే గొంతు, దానిలోని ఆయాసం. చక్రవర్తి ముందు నిలబడి పాడుతున్న పిల్ల ఊపిరి తీసుకోవడం వినబడిందంటే ఆమెకు ప్రాణభయం ఉందని వేరే చెప్పనక్కరలేదు. ఆసిఫ్ వేల అద్దాలు అమర్చి చూపిన తెగువను ఇక్కడ ఆ ఊపిరే చూపిస్తుంది.

ఇది మనకు కొత్తేమీ కాదు. స్థానం నరసింహారావు సత్యభామగా పాడినా, ‘ఈలపాట’ రఘురామయ్య కృష్ణుడుగా పాడినా గొంతూ దేహమూ ఒకటే. నేపథ్యగానం వచ్చి ఆ రెంటినీ విడదీసింది. దానివల్ల మనకు ఘంటసాల, సుశీల దక్కారు, ఫిర్యాదేమీ లేదు. కాని విడిపోయినది మళ్ళీ కలిసినప్పుడు పుట్టే వేడి వేరు.

ఇక తెలిసిన మాటల సంగతి. వజాహత్ మీర్జా, కమాల్ అమ్రోహీ, అమాన్, ఎహ్సాన్ రిజ్వీ కలిసి రాసిన సంభాషణలు ఉత్తరాది ప్రేక్షకులకు కంఠస్థం. నటుడు నోరు తెరవకముందే వాక్యం ముగింపు శాలకు తెలుసు. పాశ్చాత్య విమర్శ పద్ధతిలో చూస్తే ఇది ఉత్కంఠకు చావుదెబ్బ. మన పద్యనాటకం చూసి పెరిగినవారికి మాత్రం నవ్వు వస్తుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలో ఏ పద్యం తరువాత ఏ పద్యం వస్తుందో ఎరుగని ప్రేక్షకుడుండేవాడా? తెలుసు కనుకనే ‘వన్స్ మోర్’ అనేవాడు. ఎరిగిన దానికోసం ఎదురుచూడడంలో ఒక రసం ఉంది. ఫిరోజ్ ఖాన్ తాజ్ మూలనాటకానికి వెళ్ళకుండా ఆసిఫ్ సినిమానే ఆశ్రయించడం సోమరితనమని అనగలవారుంటారు. నేననను. తాజ్ నాటకం సాహిత్య విద్యార్థులది, ఆసిఫ్ మాటలు జనానివి. పద్యం తీసేసి పద్యనాటకం వేయలేము కదా!

విమర్శ ఒకటుంది. వేల రూపాయల టిక్కెట్టుతో, మహానగరాల శాలలలో మాత్రమే ఆడగల నాటకం ఎవరికోసం? పృథ్వీరాజ్ ప్రదర్శన ముగిశాక ద్వారం దగ్గర జోలె పట్టి నిలబడేవాడు. ఆయన పేరిట జుహూలో వెలసిన పృథ్వీ థియేటర్‌కే ఫిరోజ్ ఖాన్ ఒకప్పుడు కళాదర్శకత్వ బాధ్యత వహించాడు. నాటకం ఢిల్లీ వెళ్ళింది, 2023లో అమెరికా యాత్ర కూడా చేసింది. చిన్న ఊరికి రావడం మాత్రం దాని బరువు వల్ల సాధ్యం కాదు. సురభివారు తమ ‘మాయాబజార్’ను తెరలూ తాళ్ళతో సహా బండ్లమీద ఊరూరికీ మోశారని గుర్తుచేసుకుంటే ఈ తేడా కొంచెం నొప్పిస్తుంది.

తెలుగులో ఇటువంటి పని చేయదలిస్తే ఏ సినిమా తీసుకోవాలి? నన్నడిగితే ‘మల్లీశ్వరి’ (1951). బుచ్చిబాబు నాటిక ‘రాయలవారి కరుణకృత్యము’ దాని మూలాలలో ఒకటి. అక్కడా ఒక చక్రవర్తి, అంతఃపురం పాలైన ఒక పల్లెపిల్ల, ఆమెకోసం ప్రాణాలకు తెగించిన శిల్పి. కృష్ణశాస్త్రి పాటలు, రాజేశ్వరరావు వరసలు సిద్ధంగా ఉన్నాయి. పైగా భానుమతి తన పాటలు తానే పాడుకున్నది. తెరవెనుక గొంతును అరువు తెచ్చుకోనక్కరలేని మల్లి ఒకతె దొరకాలి, అంతే.