పిలుపు అందాకే ప్రయాణం: విదేశాల్లో విద్యార్థి సేవకు నూరేళ్లు

విశ్వవిద్యాలయ విద్యార్థులు, అప్పుడే పట్టా పుచ్చుకున్న యువకులు కొన్ని వారాలో కొన్నేళ్లో పరదేశంలో ఉండి అక్కడి బడిలో పాఠాలు చెప్పడం, టీకాలు వేయడం, మంచినీటి గొట్టాలు పరవడం నేడు అలవాటైన పని. ఈ అలవాటు వయసు నూరేళ్లు దాటింది. దీని తొలి మెట్టు లండన్‌లో కనిపిస్తుంది. 1884లో ఆ నగరానికి తూర్పున పేదల పేట అయిన వైట్‌చాపెల్‌లో టాయిన్‌బీ హాల్ వెలిసింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు వచ్చి ఆ పేటలోనే కాపురముండి, ఇరుగుపొరుగుకు చదువు చెప్పాలన్నది అక్కడి ఏర్పాటు. సాయం చేయదలచినవాడు ముందు ఆ మనుషుల మధ్య బతకాలన్న ఆలోచన అలా రూపు కట్టింది. అది దేశాల ఎల్లలు దాటింది మాత్రం మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాకే.

పలుగూ పారా పట్టిన రోజులు

పియర్ సెరెసోల్ స్విట్జర్లాండ్‌కు చెందిన ఇంజినీరు. ఆయన తండ్రి ఆ దేశానికి అధ్యక్షుడిగా పనిచేసినవాడు. సైన్యంలో చేరడానికి ఇష్టపడని యువకులు సైనికుడి క్రమశిక్షణను, కష్టాన్ని నిర్మాణానికి వెచ్చించాలని సెరెసోల్ నమ్మాడు. 1920 నవంబరులో ఒక చిన్న బృందంతో ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గరి ఎన్ అనే గ్రామానికి చేరాడు. 1916 నాటి పోరులో ఆ ప్రాంతమంతా నేలమట్టమైంది. బృందంలో జర్మన్లూ ఉన్నారు. నిన్నటిదాకా శత్రువులుగా ఉన్న దేశాల యువకులు కలిసి శిథిలాలు తొలగించారు, ఫిరంగి గుండ్లు తవ్విన గోతులు పూడ్చారు, తలదాచుకోవడానికి చెక్క ఇళ్లు కట్టారు. జర్మన్ల ఉనికిని స్థానికుల్లో కొందరు సహించలేకపోవడంతో 1921 వసంతంలో శిబిరం ఎత్తివేయవలసి వచ్చింది. సేవ ఎంత మంచిదైనా, ఆ ఊరి గాయం మానకముందే, ఊరివారి సమ్మతి పూర్తిగా లేకుండా నిలవదని తొలి శిబిరమే చాటింది.

ఈ ప్రయత్నం నుంచే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పుట్టింది. 1928లో లీఖ్టెన్‌స్టెయిన్‌లో రైన్ నది వరద మేటలు వేసిన పొలాలను బాగుచేయడానికి అనేక దేశాల నుంచి వందలమంది తరలివచ్చారు. 1934 జనవరి 15న బిహార్‌లో భూకంపం వచ్చినప్పుడు సెరెసోల్ భారతదేశానికి ప్రయాణమయ్యాడు. ఆ తర్వాతి మూడేళ్లలో కొద్దిమంది యూరప్ సహచరులతో కలిసి ముజఫర్‌పూర్ ప్రాంతంలో పనిచేశాడు. వరద ముంపులో ఉన్న పల్లెలను మెరక నేలకు తరలించి ఇళ్లు కట్టడం అక్కడి పని. శ్రమదానం అనే మాట మన గ్రామాల్లో వాడుకలోకి రాకముందే ఆ పద్ధతి బిహార్ పల్లెల్లో అంతర్జాతీయ రూపంలో నడిచింది.

జకార్తా పాఠం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒక్కొక్కటే స్వతంత్రమయ్యాయి. వాటికి టీచర్లు, డాక్టర్లు, ఇంజినీర్లు అత్యవసరమయ్యారు. డచ్చివారి నుంచి 1949 చివర అధికారం అందుకున్న ఇండోనేసియాది అదే పరిస్థితి. 1950లో బొంబాయిలో జరిగిన అంతర్జాతీయ విద్యార్థి సమావేశంలో ఇండోనేసియా ప్రతినిధులు ఆస్ట్రేలియా విద్యార్థులను తమ దేశానికి వచ్చి పనిచేయమని కోరారు. ఆ కోరికను పట్టించుకున్నవారిలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముందున్నారు. వారిలో హెర్బ్ ఫీత్ 1951లో జకార్తా చేరి, సమాచార మంత్రిత్వ శాఖలో ఇంగ్లీషు పనులు చూసే ఉద్యోగిగా కుదిరాడు. ఆయన వెనుక మరికొందరు పట్టభద్రులు వెళ్లారు.

ఈ పథకంలో కొత్తదనం జీతం దగ్గర ఉంది. అంతకుముందు ఆ దేశంలో పనిచేసే తెల్లవారికి స్థానికుల కన్నా ఎన్నో రెట్ల జీతం, వేరే బంగళాలు, వేరే క్లబ్బులు ఉండేవి. ఈ యువకులు ఇండోనేసియా ఉద్యోగులకు ఎంత వస్తుందో అంతే తీసుకున్నారు, వారు ఉండే వసతిలోనే ఉన్నారు, వారి భాష నేర్చుకున్నారు. కొంతకాలానికి ఆస్ట్రేలియా ప్రభుత్వం ముందుకు వచ్చి ప్రయాణ ఖర్చులు భరించింది, తలా ఒక సైకిలు ఇప్పించింది. కారులో దిగే దొరకు అలవాటుపడిన ఊళ్లో సైకిలు తొక్కుకుంటూ ఆఫీసుకు వచ్చే తెల్ల యువకుడు కొత్త దృశ్యం. ఫీత్ తర్వాతి కాలంలో ఇండోనేసియా రాజకీయాల మీద ప్రామాణిక గ్రంథం రాసిన పండితుడయ్యాడు. ఇచ్చిన దానికన్నా నేర్చుకున్నది ఎక్కువ కావడం ఈ చరిత్రలో పదే పదే కనిపించే సంగతి.

1958లో మరో రెండు ప్రయత్నాలు మొదలయ్యాయి. బ్రిటన్‌లో అలెక్ డిక్సన్, ఆయన భార్య మోరా కలిసి వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్‌ను స్థాపించారు. బడి ముగించి విశ్వవిద్యాలయంలో చేరబోయే పద్దెనిమిదేళ్ల కుర్రవాళ్లను మొదట పంపారు. కొన్నేళ్లకు పట్టభద్రుల వంతు వచ్చింది. అమెరికాలో నల్లజాతి క్రైస్తవ బోధకుడు జేమ్స్ రాబిన్సన్ ఆపరేషన్ క్రాస్‌రోడ్స్ ఆఫ్రికా పేరిట కళాశాల విద్యార్థులను వేసవి సెలవుల్లో పశ్చిమాఫ్రికాకు తీసుకువెళ్లి, అక్కడి విద్యార్థుల సరసన పని చేయించాడు.

అర్ధరాత్రి అడిగిన ప్రశ్న

1960 అక్టోబరు 14. అమెరికా అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో ఉన్న జాన్ కెనడీ మిషిగన్ విశ్వవిద్యాలయం ఉన్న ఆన్ ఆర్బర్‌కు చేరేసరికి రాత్రి రెండు గంటలైంది. చలిలో సుమారు పదివేల మంది విద్యార్థులు ఆయన కోసం కాచుకుని ఉన్నారు. విద్యార్థి భవనం మెట్ల మీద నిలబడి ఆయన మాట్లాడింది కొద్ది నిమిషాలే. డాక్టర్లు కాబోయేవారిలో ఘానాలో పనిచేయడానికి ఎందరు సిద్ధం, ఇంజినీర్లలో ఎందరు దేశదేశాలు తిరిగి పనిచేస్తారు అని అడిగాడు. పథకమేదీ ఇంకా ఆయన చేతిలో లేదు. విద్యార్థులే ఆ ప్రశ్నను పట్టుకున్నారు. ఇద్దరు పరిశోధక విద్యార్థులు విశ్వవిద్యాలయ పత్రికకు లేఖ రాశారు. సంతకాల సేకరణ మొదలై, కొద్ది రోజుల్లో సుమారు వెయ్యి మంది సిద్ధమని సంతకం పెట్టారు. నవంబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కో సభలో విదేశాల్లో సేవ చేసే వాలంటీర్ల దళం పీస్ కోర్ ప్రతిపాదనను కెనడీ ప్రకటించాడు. అధ్యక్షుడయ్యాక 1961 మార్చి 1న ఆదేశం జారీ చేసి సార్జెంట్ ష్రైవర్‌ను దానికి అధిపతిగా నియమించాడు. ఆగస్టు 30న 51 మంది టీచర్లు ఘానా రాజధాని అక్రాలో విమానం దిగి, స్వాగతానికి వచ్చినవారి ఎదుట ట్వి భాషలో పాట పాడారు.

కొన్ని నెలల శిక్షణ, రెండేళ్ల సేవ, స్థానికులతో సమానంగా బతకడానికి సరిపడే భత్యం, తిరిగి వెళ్లేటప్పుడు చేతికిచ్చేందుకు నెలకు 75 డాలర్ల చొప్పున జమ: ఇదీ తొలినాటి ఒప్పందం. శిక్షణలో పెద్ద భాగం విశ్వవిద్యాలయాల్లోనే జరిగేది, అందులో భాషకు పెద్దపీట. 1966 నాటికి వాలంటీర్ల సంఖ్య 15,000 దాటింది.

పల్లె బడుల్లో పాఠాలు చెప్పడం పీస్ కోర్ చేసిన అతి పెద్ద పని. ఆరోగ్య రంగంలో అరుదైన ఉదాహరణ అఫ్గానిస్థాన్‌ది. 1960ల చివర మశూచి టీకా కార్యక్రమం అక్కడ ఒక గడప దగ్గర ఆగిపోయింది. పరదా మాటున ఉండే స్త్రీలకు, వారి చంటిపిల్లలకు మగవారు టీకా వేయలేరు. పీస్ కోర్ యువతులు కొండదారుల్లో ఊరూరా తిరిగి, ఇంటి లోపలికి వెళ్లి టీకాలు వేశారు. ఇథియోపియాలోనూ ఈ వాలంటీర్లు మశూచి నిర్మూలనలో పాలుపంచుకున్నారు.

భారతదేశానికి తొలి బృందం 1961 చివర పంజాబ్‌కు వచ్చింది. తర్వాతి ఏళ్లలో వ్యవసాయం, కోళ్ల పెంపకం, పోషకాహారం, కుటుంబ నియంత్రణ పనులకు అనేక రాష్ట్రాలకు వాలంటీర్లు వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినవారు తెలుగు నేర్చుకుని పల్లెల్లో ఉన్నారు. అందరూ యువకులే కాదు: తర్వాతి రోజుల్లో అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ తల్లి లిలియన్ 68 ఏళ్ల వయసులో వచ్చి బొంబాయి శివారు విఖ్రోలీలో నర్సుగా సేవ చేసింది. 1971 భారత్-పాకిస్థాన్ యుద్ధ సమయానికి భారత్, అమెరికా సంబంధాలు చెడ్డాయి. 1976లో భారతదేశంలో ఈ కార్యక్రమం ముగిసింది. ఈలోగా జపాన్ 1965లో తన యువ వాలంటీర్లను లావోస్‌కు పంపడం మొదలుపెట్టింది. 1970లో ఐక్యరాజ్య సమితి తన సొంత వాలంటీర్ విభాగానికి ఆమోదం తెలిపింది. భారతదేశం 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించింది. మన విద్యార్థి తన పొరుగు పల్లెకే ముందు వెళ్లాలన్నది ఆ పథకం ఉద్దేశం.

ఒక కార్డు ముక్క, ఒక ప్రసంగం

విమర్శ కూడా తొలి రోజుల నుంచీ ఉంది. 1961 అక్టోబరులో నైజీరియాలోని ఇబాదాన్‌లో పీస్ కోర్ యువ వాలంటీరు ఒకామె స్వదేశంలోని స్నేహితుడికి పోస్టుకార్డు రాసింది. అక్కడి వీధుల్లో జనం ఎంత వెనుకబాటులో బతుకుతున్నారో అందులో వర్ణించింది. కార్డు జారిపోయి స్థానిక విద్యార్థి చేతికి చిక్కింది. దాని ప్రతులు అక్కడి విశ్వవిద్యాలయమంతా తిరిగాయి. ఏడాది కిందటే స్వాతంత్ర్యం పొందిన దేశపు విద్యార్థులు మండిపడ్డారు. ఆమె క్షమాపణ చెప్పుకుని దేశం విడిచి వెళ్లింది. సేవ చేసే ఊరిని గురించి ఊరివారి ముందు చెప్పలేని మాట వెనుక కూడా అనకూడదని ఆ కార్డు ముక్క నేర్పింది.

1968 ఏప్రిల్‌లో ఇంకా లోతైన విమర్శ వచ్చింది. మెక్సికో పల్లెలకు వేసవిలో వెళ్లే అమెరికా విద్యార్థుల సమావేశంలో ఇవాన్ ఇలిచ్ ప్రసంగించాడు. వియన్నాలో పుట్టి, క్రైస్తవ మతాచార్యుడిగా ఉండి, మెక్సికోలో అధ్యయన కేంద్రం నడిపినవాడాయన. భాష రాదు, పని రాదు, వద్దని చెప్పే అధికారం పల్లెవారికి లేదు. అలాంటప్పుడు ఈ రాక వారి మీద రుద్దడమే అవుతుందని ఆయన వాదించాడు. చూడటానికి, నేర్చుకోవడానికి రండి, ఉద్ధరించడానికి రావద్దన్నది ఆ ప్రసంగ సారాంశం. ఆ విమర్శలోని వాడి తగ్గలేదు. సేద్యం ఎరుగని పట్టభద్రులను తరతరాల రైతులకు సేద్యం నేర్పడానికి పంపిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి.

నీరు పైకెక్కిన ఊరు

1990ల తర్వాత పర్యావరణం, సుస్థిరత ముందుకు వచ్చాయి. ఆ మార్పుకు మంచి ఉదాహరణ మధ్య అమెరికాలోని బెలీజ్‌లో ఉన్న శాన్ పాబ్లో. ఆ ఊళ్లో ఆడపిల్లలు నది నుంచి నీళ్లు మోయడంతోనే పొద్దు గడిచి బడికి వెళ్లలేకపోయేవారు. 2000లో ఊరివారి తరఫున పిలుపు అందుకుని కొలరాడో విశ్వవిద్యాలయ ఆచార్యుడు బెర్నార్డ్ అమాడే వెళ్లి చూశాడు. మరుసటి ఏడాది ఎనిమిది మంది విద్యార్థులతో తిరిగి వచ్చి, ఊరివారితో కలిసి పంపు బిగించాడు. దగ్గర్లోని జలపాతం ఒత్తిడితోనే నీరు పైకెక్కే ఏర్పాటు అది. డీజిలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఈ అనుభవం నుంచే 2002లో అమెరికాలో ఇంజినీర్స్ వితౌట్ బోర్డర్స్ ఏర్పడింది.

అదే కాలంలో సేవ పేరిట విహారయాత్రలు అమ్మే వ్యాపారమూ పెరిగింది. నేపాల్, కంబోడియాల్లో తల్లిదండ్రులున్న పిల్లలను కూడా అనాథాశ్రమాల్లో చేర్చి, వచ్చిపోయే విదేశీ యువత దగ్గర డబ్బు రాబట్టడం బయటపడింది. 2019లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ బాలల హక్కుల తీర్మానంలో ఈ ముప్పును ప్రస్తావించింది. వైద్య విద్యార్థులు స్వదేశంలో చేయడానికి అనుమతి లేని చికిత్సను పరదేశపు పేదరోగి మీద చేయరాదన్న నియమం కూడా బలపడింది.

2020 మార్చిలో కొవిడ్ వ్యాపించడంతో పీస్ కోర్ 60కి పైగా దేశాల నుంచి సుమారు 7,000 మందిని ఒకేసారి వెనక్కి పిలిపించింది; దాని చరిత్రలో అలా జరగడం అదే మొదలు. రెండేళ్లకు 2022లో తిరిగి పంపడం ఆరంభించింది. పని నేర్చిన మనిషి ఊళ్లో ఉన్నచోట వాలంటీరు వెళ్లిపోయినా పని సాగింది; లేనిచోట ఆగింది. అందుకే నేడు బాధ్యత ఎరిగిన విశ్వవిద్యాలయాలు విద్యార్థిని పంపేముందు నాలుగు సంగతులు చూస్తాయి: ఊరివారు పిలిచారా, విద్యార్థికి భాష, పని రెండూ వచ్చా, అక్కడి మనిషి జీవనోపాధికి దెబ్బ తగులుతుందా, విద్యార్థి తిరిగి వచ్చేశాక ఆ పనిని ఎవరు చూసుకుంటారు. మొదటి మూడింటికీ 1951లోనే జకార్తాలో జవాబు దొరికింది. నాలుగోదానికి జవాబు శాన్ పాబ్లో పంపు: విద్యార్థులు వెళ్లిపోయినా, వారితో కలిసి దాన్ని బిగించిన ఊరివారు అక్కడే ఉన్నారు; నడపడానికి ఊరి జలపాతమే చాలు.