ఖర్చు ఎవరిది? కైరో నగరంలో ఉచిత వైద్యం, ఉచిత విద్య

ఇస్లామీయ నాగరికతా వైభవాన్ని వివరించే ప్రసంగాలలో రెండు విషయాలు తప్పక వినిపిస్తాయి. రోగి వద్ద పైసా తీసుకోని ఆసుపత్రులు ఒకటి. విద్యార్థికి చదువుతో పాటు భోజనం, వసతి కల్పించిన మద్రసాలు రెండవది. ఇందులో అతిశయోక్తి లేదు. అయితే ఆ ఖర్చును ఎవరు భరించారు, ఎంతమందికి ఆ మేలు అందింది, అందుకు బదులుగా సమాజం ఏమి వదులుకొన్నది అన్న ప్రశ్నలను మనం అరుదుగా వేసుకొంటాము. అందరికీ వైద్యం, అందరికీ ఉన్నత విద్య ఎలా సమకూర్చాలన్న చర్చ నేడు అనేక దేశాలలో సాగుతున్నది. కైరో నగర చరిత్ర ఈ చర్చకు ఎంతో ఉపకరిస్తుంది. ఎందుకంటే దాత, ప్రభుత్వం, ప్రజలు ముగ్గురూ వేర్వేరు కాలాలలో ఆ భారాన్ని అక్కడ మోశారు.

దాత కట్టించిన ఆసుపత్రి

వక్ఫ్ సూత్రం మనకు తెలిసినదే. హజ్రత్ ఉమర్ (ర) తమకు ఖైబర్‌లో లభించిన భూమి విషయమై దైవప్రవక్త (స)ను సలహా అడిగారు. అసలు ఆస్తిని నిలిపి వుంచి, దాని ఫలాన్ని దానం చేయమని ఆయన సూచించారు. అలాంటి ఆస్తిని అమ్మరాదు, ఇతరులకు ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు. ముస్లిం ప్రపంచంలో ఆసుపత్రులు, మద్రసాలు చాలావరకు ఈ పునాదిపైనే నిలిచాయి.

మమ్లూక్ సుల్తాన్ మన్సూర్ ఖలావూన్ అమీరుగా వున్న రోజులలో డమాస్కస్‌లో జబ్బుపడ్డాడు. నూరుద్దీన్ జంగీ 1154లో స్థాపించిన ఆసుపత్రి మందులతో అతనికి నయమైంది. తాను రాజునైతే ఇలాంటిదే కట్టిస్తానని మొక్కుకొన్నాడు. 1284లో కైరోలో ఆ మొక్కు తీర్చుకొన్నాడు. జ్వరపీడితులకు, కంటి జబ్బులవారికి, శస్త్రచికిత్సకు వేర్వేరు విభాగాలు, స్త్రీలకు ప్రత్యేక వసతి అందులో ఏర్పడినాయి. ధనికులు, పేదలు, స్థానికులు, పరదేశులు అన్న భేదం లేకుండా అందరికీ ప్రవేశమని వక్ఫ్ పత్రం చెప్పింది. మరణించిన రోగి అంత్యక్రియల ఖర్చు కూడా వక్ఫ్‌దే. దీనికై కేటాయించిన ఆస్తుల ఆదాయం సాలుకు సుమారు పది లక్షల దిర్హములని చరిత్రకారుడు మఖ్రీజీ వ్రాశాడు.

మఖ్రీజీయే మరొక సంగతి కూడా వ్రాశాడు. ఆ స్థలంలోని భవనం అయ్యూబీ వంశపు రాకుమారిది. ఆమెను అక్కడి నుండి మరొక భవనానికి తరలించారు. నిర్మాణాన్ని పర్యవేక్షించిన అమీరు నగరంలోని పనివారిని మరెవరికీ పని చేయకుండా కట్టడి చేశాడు. దారిన పోయేవారి చేత కూడా రాళ్ళు మోయించాడు. దానితో జనం ఆ వీధి గుండా నడవడమే మానుకొన్నారు. బలవంతంతో లేచిన ఈ కట్టడంలో నమాజు తగదని కొందరు ధర్మవేత్తలు ఫత్వా ఇచ్చారు. సత్కార్యం కూడా అక్రమ మార్గాన్ని సక్రమం చేయదని ఆనాడే చెప్పగలిగిన ఆ పండితులు, ఆసుపత్రి కట్టిన సుల్తానుతో సమానంగా స్మరించదగినవారు.

లెక్కించిన స్థానాలు

వక్ఫ్ ఆదాయం పరిమితం గనుక మేలు కూడా పరిమితమే. మద్రసాలలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. బాగ్దాదులో 1234లో ప్రారంభమైన ముస్తన్సిరియ్యాలో నాలుగు మజ్‌హబ్‌లకూ ఒక్కొక్క దానికి 62 మంది చొప్పున 248 మంది ఫిఖ్హ్ విద్యార్థులు. వైద్యం నేర్చేవారు పదిమంది. వారికి చదువు, భోజనం, వేతనం లభించేవి. 249వ వానికి ఆ వేతనం లేదు. నాణ్యత నిలిచింది, సంఖ్య నిలిచిపోయింది.

కైరోలో మద్రసాలు అంతగా పెరగడానికి ఇబ్నె ఖల్దూన్ చెప్పిన కారణం గమనించదగినది. తమ ఆస్తిని సుల్తానులు వారసుల నుండి లాగుకొంటారన్న భయంతో అమీరులు దానిని వక్ఫ్ చేసి, పిల్లలను నిర్వాహకులుగానో, కొంత భాగానికి హక్కుదారులుగానో నియమించేవారు. అంటే పుణ్యకాంక్షతో పాటు స్వప్రయోజనం కూడా విద్యకు పోషణ అయింది. దాని దోషం తరువాత బయటపడింది. దాత షరతు మారదు, కాని కాలం మారుతుంది. ముతవల్లీ బలహీనుడైతే ఆస్తి కరిగిపోతుంది. 1798లో ఫ్రెంచి సైన్యంతో వచ్చిన పండితులు చూసేనాటికి ఖలావూన్ ఆసుపత్రి క్షీణదశలో వున్నది.

ప్రభుత్వం చేతిలో

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో ముహమ్మద్ అలీ పాషా వక్ఫ్ భూములపై పన్ను విధించాడు, అనేకం స్వాధీనం చేసుకొన్నాడు. 1827లో ఫ్రెంచి వైద్యుడు క్లాట్ బే నాయకత్వాన అబూ జాబల్‌లో వైద్యపాఠశాల తెరిచాడు. 1837లో అది కైరోలోని ఖస్రుల్ ఐనీకి మారింది. విద్యార్థులు చాలావరకు అజ్‌హర్ నుండి వచ్చినవారే. పాఠాలను అనువాదకులు అరబీలోకి మార్చేవారు, అజ్‌హర్ పండితులు భాషను సరిదిద్దేవారు. విద్యార్థికి తిండి, బట్ట, వేతనం ప్రభుత్వానివే. అందుకు ప్రతిఫలంగా విద్యార్థి తన స్వేచ్ఛను ఇవ్వవలసి వచ్చింది. పట్టా పుచ్చుకొన్నవాడు సైన్యం పంపిన చోటికి పోవలసిందే. మశూచి టీకాలు, 1832లో మొదలైన మంత్రసానుల పాఠశాల మాత్రం సామాన్యులకు కూడా మేలు చేశాయి.

ఇరవయ్యవ శతాబ్దంలో తలుపులు విశాలంగా తెరుచుకొన్నాయి. తాహా హుసైన్ విద్యామంత్రి అయిన 1950లో సెకండరీ విద్యకు, జమాల్ అబ్దున్నాసిర్ కాలాన 1962లో విశ్వవిద్యాలయ విద్యకు రుసుములు రద్దయినాయి. 1964లో పట్టభద్రులకు ప్రభుత్వోద్యోగం హామీ ఇస్తూ చట్టం వచ్చింది. పల్లెల బిడ్డలు, ఆడపిల్లలు వేల సంఖ్యలో విశ్వవిద్యాలయాలకు వచ్చారు. ఇది చిన్న విజయం కాదు. కాని సంఖ్య పెరిగినంతగా ధనం పెరగలేదు. తరగతులు క్రిక్కిరిశాయి. ప్రవేశాన్ని సెకండరీ పరీక్ష మార్కులే నిర్ణయించడంతో ట్యూషన్లు వ్యాపించాయి. కళాశాల గుమ్మంలో రద్దయిన రుసుము ఇంటి గుమ్మంలో ట్యూషన్ మాస్టరుకు చెల్లించవలసి వచ్చింది. 1980లలో హామీ ఉద్యోగం కోసం పట్టభద్రులు ఏళ్ళ తరబడి వేచివున్నారు.

వైద్యరంగంలో ఈజిప్టు 2018లో సార్వత్రిక ఆరోగ్య బీమా చట్టం చేసి, 2019లో పోర్ట్ సయీద్‌లో ఆరంభించింది. స్తోమత గలవారు చందా కట్టాలి, లేనివారి తరఫున ప్రభుత్వం కడుతుంది. జీతం లెక్కలో వున్నవారి నుండి చందా వసూలు సులభం. రోజుకూలీ, చిల్లర వ్యాపారి వద్ద కష్టం.

ఈ చరిత్రలో కొరత ఎక్కడా మాయం కాలేదు. వక్ఫ్ కింద అది స్థానాల సంఖ్యగా, పాషా కింద నిర్బంధంగా, తరువాత రద్దీగా, నిరీక్షణగా కనిపించింది. కనుక ఉచితంగా ఇవ్వరాదని కాదు. పేదరోగికి మందు, పేదబిడ్డకు చదువు అందించడం సమాజంపై వున్న బాధ్యత. ఆ బాధ్యత వహించేవారు ధనం ఎక్కడి నుండి వస్తుందో, చాలని చోట ఎవరు ముందో, ఎవరు వేచివుండాలో ముందే బహిరంగంగా నిర్ణయించాలి. లేకుంటే ఆ నిర్ణయాన్ని పలుకుబడి, డబ్బు చేస్తాయి.

హైదరాబాదులో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1595లో కట్టించిన దారుష్షిఫా నేడొక పేటకు పేరుగా మిగిలింది, ఆసుపత్రిగా నిలువలేదు. వక్ఫ్ ఆస్తులు మన చుట్టూ ఇంకా వున్నాయి. వాటి ఆదాయం ఎంత, ఏ రోగికి, ఏ విద్యార్థికి చేరుతున్నది అని లెక్క అడగడం ప్రతి జమాఅత్ హక్కు. ఆ లెక్క చూపడం ప్రతి ముతవల్లీ మోస్తున్న అమానత్.