షుగర్ బిళ్ళ వెనక ఒక మొక్క ఉంది: మెట్‌ఫార్మిన్ చరిత్ర



షుగర్ అంటే పట్నపోళ్ళ జబ్బు అని మన పెద్దలు అనేవాళ్ళు. ఇప్పుడు మన గూడేల్లో కూడా పీహెచ్‌సీ నుంచి తెల్ల బిళ్ళలు తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. ఎక్కువగా అవి మెట్‌ఫార్మిన్ బిళ్ళలే. "ఇంగ్లీషు మందు, కిడ్నీలు పాడవుతాయి" అని ఎవరో అనగానే మానేసేవాళ్ళూ ఉన్నారు. మన ఇళ్ళల్లో మొదటిసారి కాలేజీ దాకా వచ్చినోళ్ళం మనమే. ఆ చీటీ చదివి చెప్పాల్సింది కూడా మనమే. అందుకే ఈ బిళ్ళ చరిత్ర తెలుసుకుందాం.

దీని మూలం ఒక మొక్క. యూరప్‌లో గలీగా అనే మొక్క ఉంది. చిక్కుడు జాతిది, ఊదారంగు పూలు పూస్తుంది. అక్కడి పల్లె జనం జ్వరాలకు, పశువులకు పాలు పెరగడానికి దాన్ని వాడేవాళ్ళు. అందులో గ్వానిడిన్ రకం పదార్థాలు ఉంటాయి. గ్వానిడిన్ ఇస్తే జంతువుల రక్తంలో చక్కెర తగ్గుతుందని 1918లో తేలింది. కానీ అది విషం కూడా. గలీగా మేసిన గొర్రెలు చనిపోయిన సంగతులు ఉన్నాయి. కాబట్టి నేరుగా మందుగా పనికిరాలేదు.

1922లో డబ్లిన్‌లో వెర్నర్, బెల్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు మెట్‌ఫార్మిన్ తయారుచేశారు. 1929లో జర్మనీ శాస్త్రవేత్తలు దాన్ని కుందేళ్ళకు ఇచ్చి చక్కెర తగ్గడం చూశారు. అయినా ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే 1922లోనే ఇన్సులిన్ మనుషులకు ఇవ్వడం మొదలైంది, అందరి చూపూ అటే పోయింది.

మళ్ళీ దీన్ని గుర్తుచేసింది మలేరియా. మన ఏజెన్సీకి బాగా తెలిసిన జబ్బే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మలేరియాకు కొత్త మందులు వెతుకుతుంటే, ఇదే కుటుంబానికి చెందిన ప్రోగ్వానిల్ వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో గార్సియా అనే డాక్టరు 1949 ప్రాంతంలో మెట్‌ఫార్మిన్‌ను ఫ్లూ జ్వరానికి వాడి, చక్కెర తగ్గడం గమనించాడు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టరు షుగర్ రోగులకు ఇచ్చి 1957లో ఫలితాలు ప్రకటించాడు. గ్లూకోఫాజ్ అని పేరు పెట్టాడు. అంటే చక్కెరను తినేసేది అని.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. దీని చుట్టం లాంటి ఫెన్‌ఫార్మిన్ వల్ల రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగి మనుషులు చనిపోయారు. 1970ల చివర్లో చాలా దేశాలు దాన్ని ఆపేశాయి. ఆ భయంతో అమెరికా మెట్‌ఫార్మిన్‌కు 1994 చివరిదాకా అనుమతి ఇవ్వలేదు. 1998లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో, మెట్‌ఫార్మిన్ వాడిన బరువు ఎక్కువున్న రోగుల్లో గుండెపోట్లు 39 శాతం తగ్గాయని తేలింది. అప్పటినుంచి దీని స్థానం గట్టిపడింది.

ఇది ఎలా పనిచేస్తది? మనం తినకపోయినా కాలేయం చక్కెర తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. షుగర్ ఉన్నోళ్ళలో అది మోతాదు మించుతుంది. మెట్‌ఫార్మిన్ దాన్ని తగ్గిస్తుంది. ఒంట్లో ఉన్న ఇన్సులిన్ బాగా పనిచేసేలా కూడా చూస్తుంది. ఇన్సులిన్‌ను బలవంతంగా ఊరించదు కాబట్టి, ఇదొక్కటే వాడితే చక్కెర మరీ పడిపోవడం అరుదు. టైప్ 1 షుగర్‌కు మాత్రం ఇన్సులిన్ తప్పదు.

అన్నంతో పాటు వేసుకోవాలి. మొదట్లో కడుపు తిప్పడం, విరేచనాలు ఉండొచ్చు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి పెంచుతారు. ఇది కిడ్నీలను పాడుచేయదు. కానీ కిడ్నీలు ముందే బాగా దెబ్బతిని ఉంటే మందు ఒంట్లో పేరుకుంటుంది, అందుకే డాక్టరు రక్తపరీక్ష చేయిస్తారు. ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గొచ్చు. వాంతులు, విరేచనాలతో నీరసించినప్పుడు బిళ్ళ ఆపాలో వద్దో వెంటనే డాక్టరును అడగాలి.

మనకు ప్రత్యేకంగా ఒక సంగతి. మన ఆదివాసీల్లో సికిల్‌సెల్ ఉంది. అది ఉన్నోళ్ళకు మూడు నెలల షుగర్ పరీక్ష, అంటే హెచ్‌బీఏ1సీ, తప్పు చూపించవచ్చు. సికిల్‌సెల్ కార్డు ఉంటే డాక్టరుకు తప్పకుండా చూపించండి.

మన పసరు వైద్యాన్ని మనం తక్కువ చేయం. ఈ బిళ్ళ కూడా ఒక పల్లె మొక్క దగ్గర మొదలైందే. కానీ ఆ ఆకులోని విషాన్ని దాటి సరైన మోతాదు కనిపెట్టడానికి దశాబ్దాలు పట్టింది. చక్కెర తగ్గిందంటే బిళ్ళ పనిచేస్తున్నట్టు. జబ్బు పోయిందని మన అవ్వాతాతలు మానేయకుండా, ఈసారి ఊరెళ్ళినప్పుడు మన భాషలోనే కూర్చోబెట్టి చెబుదాం.

జై ఆదివాసీ.