కసరత్తు డిగ్రీ చదువైన కథ

1850లలో ఆమ్‌హర్స్ట్ కాలేజీ చదువంటే లాటిన్, గ్రీకు, లెక్కలు, ప్రార్థనలు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆ చిన్న కాలేజీకి 1854లో అధ్యక్షుడైన విలియం స్టెర్న్స్‌కు ఒక బెంగ పట్టుకుంది. పుస్తకాల మీద వంగి వంగి కుర్రాళ్లు మంచాన పడుతున్నారు, కొందరు చదువు మధ్యలోనే ఇంటిదారి పడుతున్నారు. ఒళ్లు నిలబడకపోతే చదువు నిలబడదని ఆయన ధర్మకర్తల చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. ఫలితంగా 1860 నాటికి ఒక వ్యాయామశాల, ఆరోగ్యశాస్త్రం, శారీరక విద్యల కోసం ఒక ప్రొఫెసరు పదవి వచ్చాయి. కండరం ఎలా లాగుతుంది, కీలు ఎలా తిరుగుతుంది, శ్రమపడేటప్పుడు గుండె ఏం చేస్తుంది అని పరిశీలించే కైనీసియాలజీకి అమెరికా కాలేజీల్లో చోటు దొరకడానికి ఈ బెంగ కూడా ఒక కారణం.

తమాషా ఏమిటంటే, ఆ పదవిలోకి వచ్చిన మొదటి డాక్టరు జాన్ హుకర్ తన ఆరోగ్యమే చెడి తప్పుకున్నారు. 1861లో ఆయన స్థానంలోకి డాక్టర్ ఎడ్వర్డ్ హిచ్‌కాక్ వచ్చారు. 1911లో కన్నుమూసేదాకా ఆమ్‌హర్స్ట్‌ను వదల్లేదు.

హిచ్‌కాక్ తండ్రి పేరూ ఎడ్వర్డే. అదే కాలేజీకి ఒకప్పటి అధ్యక్షుడు, భూగర్భ శాస్త్రవేత్త. రాళ్లలో మిగిలిపోయిన ప్రాచీన జీవుల కాలిముద్రలను ఏరి కొలిచినవాడు. కొడుకు బతికున్న కుర్రాళ్లను కొలవడం మొదలుపెట్టారు. వారానికి నాలుగు రోజులు అరగంట చొప్పున ఒక్కో తరగతి మొత్తం యూనిఫాంలో వ్యాయామశాలకు రావాలి. పియానో వాయిస్తుంటే దానికి తగ్గట్టు చెక్క డంబెల్స్ తిప్పాలి. హాజరు తప్పనిసరి. ఇక ప్రతి విద్యార్థి ఎత్తు, బరువు, ఛాతీ చుట్టుకొలత, ఊపిరితిత్తుల్లో పట్టే గాలి, చేతి బలం అన్నీ లెక్కకెక్కేవి. డంబెల్స్ సంగతి ఎలా ఉన్నా, హిచ్‌కాక్ అసలు ఘనత ఈ లెక్కల్లోనే ఉంది. దశాబ్దాల కొలతలు పోగయ్యాక 1887లో వాటితో ఒక మాన్యువల్ అచ్చయింది. కసరత్తు గురించి మాట్లాడేవాళ్లకు అభిప్రాయాల బదులు అంకెలు చేతికొచ్చాయి.

మెయిన్ రాష్ట్రంలోని బౌడిన్ కాలేజీలో 1869లో వ్యాయామశాల పగ్గాలు పట్టిన డడ్లీ సార్జెంట్ సర్కస్‌లో పనిచేసి వచ్చినవాడు. తరువాత వైద్యం చదివి, హార్వర్డ్‌కు వెళ్లి, కొలతలకు తోడు కప్పీలతో నడిచే యంత్రాలను కూడా తెచ్చారు.

అమ్మాయిల కాలేజీల్లో ఈ కొలతలకు ఇంకో పని పడింది. కాలేజీ చదువు ఆడపిల్లల గర్భసంచికి చేటు అంటూ బోస్టన్ డాక్టరు ఎడ్వర్డ్ క్లార్క్ 1873లో ఒక పుస్తకం రాశారు. దానికి జవాబు మాటలతో చెబితే ఎవరు వింటారు? చదువుకుంటూనే అమ్మాయిలు బలపడుతున్నారని కొలిచి చూపాలి. ఆడామగా కలిసి చదివే ఒబర్లిన్ కాలేజీలో 1885లో చేరిన డెల్ఫిన్ హన్నా విద్యార్థినుల కొలతలు తీస్తూ, వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేస్తూ 1903కల్లా ప్రొఫెసరయ్యారు. స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పారు. 1893లో ఆడిన తొలి ఆటకు మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. 1909లో బోస్టన్‌లోని ఒక వ్యాయామ శిక్షణ పాఠశాల మొత్తంగా వెల్స్‌లీ కాలేజీలో కలిసిపోయి, అక్కడ ఒక శాఖగా మారింది.

ఈ పరంపరలో ఒక పాయ మద్రాసు దాకా పారింది. ఒబర్లిన్‌లో చదివిన లూథర్ గ్యూలిక్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో చేరారు. 1891లో జేమ్స్ నైస్మిత్ చేత బాస్కెట్‌బాల్ కనిపెట్టించింది ఈయనే. అదే పాఠశాలలో తరువాత చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వైఎంసీఏ శారీరక విద్యా కళాశాల స్థాపించారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే.

కొలతల పిచ్చికి చీకటి కోణం లేకపోలేదు. నిలబడే తీరు సరిదిద్దుతామంటూ చాలా పేరున్న కాలేజీలు 1960ల దాకా కొత్త విద్యార్థులకు ఫొటోలు తీశాయి, చాలాచోట్ల బట్టలు విప్పించి మరీ. ఒంటి ఆకారాన్ని బట్టి మనిషి స్వభావం చెప్పొచ్చని నమ్మిన విలియం షెల్డన్ అలాంటి ఫొటోలను తన సిద్ధాంతానికి వాడుకున్నారు. ఇది 1995లో పత్రికలకెక్కింది. హిచ్‌కాక్ టేపు నుంచి ఈ కెమెరా దాకా వచ్చిన దారిని ఈ రంగం చరిత్రకారులు దాటవేయకూడదు.

విద్యాలోకంలో గౌరవం మాత్రం అంత తేలిగ్గా దక్కలేదు. హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కొనాంట్ 1963లో ఉపాధ్యాయ శిక్షణ మీద రాసిన పుస్తకంలో శారీరక విద్యలోని పై చదువులను చీల్చి చెండాడారు. మరుసటి ఏడాదే బర్క్‌లీలోని ఫ్రాంక్లిన్ హెన్రీ ఒక వ్యాసంలో బదులిచ్చారు. ఆటలు నేర్పడం వేరు, మనిషి కదలికను శాస్త్రంగా చదవడం వేరు, రెండోది ఏ విద్యకూ తీసిపోదు అన్నది ఆయన వాదన. 1989లో అమెరికన్ శారీరక విద్యా అకాడమీ ఆ చదువుకు కైనీసియాలజీ అనే పేరునే సిఫారసు చేసింది. అయినా హెన్రీ పనిచేసిన బర్క్‌లీ శాఖ 1997లో మూతపడింది. లాస్ ఏంజెలెస్‌లోని ఆక్సిడెంటల్ లాంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో మాత్రం, తత్వశాస్త్రం, చరిత్ర చదివేవాళ్ల పక్కనే కైనీసియాలజీ మేజర్ తీసుకుని చదువుకోవచ్చు.